కదలని తెర

ఆ ఉదయం వినికిడి పరీక్షల గదిలో ఉన్నవారు నలుగురు. ప్రవేశించిన వరుసలో చెప్పాలంటే, తాళం తీసిన డాక్టరమ్మ మొదటిది. ఆమె వెనుక, చేతిసంచి గుండెలకు హత్తుకుని వదిన. వదిన వెనుక, లోపలికి రావాలా వద్దా అన్నట్టు గుమ్మంలోనే నిలిచిపోయిన ఆమె భర్త. ఈ కథలో అతన్ని అన్న అనే పిలుస్తున్నాము. అందరికన్నా చివర, కంప్యూటరు పెట్టెను రెండు చేతులా మోసుకుంటూ, చెమటలు కక్కుతూ మరిది. చివర వచ్చినవాడి మీదనే మిగిలిన ముగ్గురి ఆశా ఆధారపడి ఉన్నదని నలుగురికీ తెలుసు. తెలుసు గనుకనే ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అంతకుముందు జరిగినదాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి. వదినకు చాలా ఏళ్ళ కిందట లోపలి చెవిలో ఒక పరికరం అమర్చారు. చెవి వెనుక తగిలించుకునే చిన్న యంత్రం బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది. తల మీద అయస్కాంతంతో అతుక్కునే ఒక బిళ్ళ దాన్ని లోపలికి పంపుతుంది. లోపలి సన్నని తీగలు నరానికి అందిస్తాయి. బిళ్ళ తీసేస్తే ఆమెకు లోకం మూగదై పోతుంది. ఇటీవల ఆ చెవి యంత్రం తన జ్ఞాపకం పోగొట్టుకుంది. ఏ తీగకు ఎంత బలం పంపాలో మరిచిపోయింది. దానికి మళ్ళీ నేర్పగల ప్రోగ్రాము డాక్టరమ్మ పాత కంప్యూటరులో తప్ప మరెక్కడా లేదు. ఆ కంప్యూటరు కాస్తా మొన్ననే ప్రాణం విడిచింది. పరికరం తయారుచేసిన సంస్థ ఎప్పుడో మూతపడింది. ఇక మిగిలినది మరో ఆపరేషన్. అది చేస్తే ఆ చెవిలో మిగిలిన కాస్త నరమూ నిలుస్తుందని చెప్పలేమని పెద్ద డాక్టర్లు తేల్చేశారు.

వదిన పసిపిల్లల సంరక్షణ కేంద్రం నడుపుతుంది. ఏడుపు వినిపించని మనిషి చేతుల్లో బిడ్డను పెట్టి ఏ తల్లి నిశ్చింతగా పనికి వెళ్ళగలదు? కేంద్రానికి తాళం పడింది. ఉయ్యాలలు గోడవారగా చేరాయి.

అప్పుడే కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుకునే మరిది ముందుకు వచ్చాడు. పాడైన కంప్యూటరులోని డిస్కును బయటికి తీసి, అందులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టుగా కొత్త కంప్యూటరులోకి దించి, వర్చువల్ మెషిన్‌గా నిలబెట్టాడు. అంటే కొత్త కంప్యూటరు కడుపులో పాత కంప్యూటరు, తాను ఇంకా బతికే ఉన్నానని నమ్ముతూ పనిచేస్తూ ఉంటుంది. దుకాణంలో అది పనిచేసింది. కానీ దుకాణంలో వదిన చెవి లేదు.

మరిది బల్ల మీద అన్నీ అమర్చి మీట నొక్కాడు. కొత్త కంప్యూటరు చక్కగా లేచింది. దాని లోపల పాత కంప్యూటరు తెరుచుకోవలసిన కిటికీ మాత్రం నల్లగా ఉండిపోయింది. బొగ్గు పూసినట్టున్న ఆ నలుపులో గుమ్మం దగ్గరున్న అన్న నీడ కనిపించింది.

"అయిపోయిందా?" అన్నాడు అన్న.

"బొమ్మ రాలేదంతే అన్నయ్యా. లోపల నడుస్తూనే ఉంది."

"నడుస్తోందని నీకెలా తెలుసురా? దాని నాడి చూశావా?"

మరిది తెర వైపే వంగాడు. బొమ్మలు గీయడంలో కొత్త కంప్యూటరు చేసే సాయాన్ని అందుకోవడం పాత కంప్యూటరుకు చేతకాదని అతనికి తెలుసు. ఆ సాయాన్ని ఆపివేశాడు. బొమ్మ వచ్చింది, కానీ ప్రోగ్రాము అడుగు భాగం తెరకు కింద ఎక్కడో ఉండిపోయి, భద్రపరిచే మీట కంటికి కనబడలేదు. వెనుక నుంచి అన్న చూపులు వీపుకు గుచ్చుకుంటున్నాయి. మామూలు రోజైతే తెరకు సంబంధించిన ఒక్కొక్క అమరికా మార్చి, కాసేపు నడిపి చూసి, అప్పుడు గాని ముందుకు వెళ్ళేవాడు కాదు. ఆనాడు చేతికి అందిన మొదటి అమరికను ఎంచుకున్నాడు. తెర నిండుగా, స్పష్టంగా విచ్చుకుంది. డాక్టరమ్మ తన పాత ప్రోగ్రామును చూసి, పోయిందనుకున్న మనిషి ఎదురుపడ్డట్టు కళ్ళద్దాలు సర్దుకుంది.

వదిన తన కుర్చీలోంచే వెనక్కి తిరిగి ఇదంతా చూస్తున్నది. ఆమె పుట్టు చెవిటిది కాదు. మాట స్పష్టంగానే ఉంటుంది గాని, బిళ్ళ లేనప్పుడు తన గొంతు తనకే వినిపించదు గనుక ఎంత హెచ్చులో పలుకుతున్నదో ఆమెకు తెలియదు.

"డాక్టరమ్మా, మా మరిదిని కనిపెట్టి ఉండండి," అన్నది, గది అదిరేటట్టు. "మా పెళ్ళికొచ్చిన గోడగడియారం విప్పాడు. ఇప్పటికీ బిగిస్తూనే ఉన్నాడు."

డాక్టరమ్మ నవ్వింది. మరిది కూడా నవ్వబోయాడు గాని పెదవులు సహకరించలేదు.

రెండవ చిక్కు అప్పుడు ఎదురైంది. చెవి యంత్రానికీ కంప్యూటరుకూ మధ్య అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి ఉంటుంది. దాని వైరు తగిలించగానే బయటి కంప్యూటరు కమ్మగా ఒక గంట మోగించి పెట్టెను తానే అందుకుంది. లోపలి కంప్యూటరు మాత్రం పరికరమేదీ లేదని మొరాయించింది. వచ్చిన చుట్టాన్ని వీధి గదిలోనే కూర్చోబెట్టి కబుర్లు చెబుతున్నారనీ, లోపలి గదిలోకి తానే తోడుకుని వెళ్ళాలనీ మరిది డాక్టరమ్మకు వివరించాడు. జాబితాలో పెట్టె పేరు వెతికి లోపలికి అప్పగించాడు. అది వెళ్ళింది. ప్రోగ్రాము పలకరించగానే ఒక్క రెప్పపాటు మాయమై, కొత్త మనిషిలా మరో పేరుతో తిరిగివచ్చింది. బయటి కంప్యూటరు మళ్ళీ దాన్ని పట్టుకుంది. ఇలా వెళ్ళడం, రావడం, చిక్కుకోవడం జరుగుతూ ఉండగా అన్న గట్టిగా ఊపిరి విడిచాడు. ఆ ఊపిరిలో తిట్లన్నీ ఉన్నాయి.

చివరకు మరిది, ఏ పేరుతో వచ్చినా సరే, ఆ పెట్టెను ఆపకుండా నేరుగా లోపలికి పంపాలని ఒక నియమం పెట్టాడు. పెట్టె మీద పచ్చదీపం వెలిగి, నిలిచింది.

డాక్టరమ్మ అప్పుడు కుర్చీ ముందుకు జరుపుకుని, ఉపాధ్యాయురాలు పరీక్షకు ముందు చెప్పినట్టు, అందరూ వినవలసిన మాట చెప్పింది. తాను చెవి యంత్రంతో పని మొదలుపెట్టాక ఈ వైరు ఎట్టి పరిస్థితిలోనూ ఊడకూడదు. ఇదివరకే ఒకసారి దెబ్బతిన్న యంత్రం అది. దాని జ్ఞాపకంలోకి రాస్తున్న మధ్యలో సంబంధం తెగితే ఇక ఎన్నటికీ లేవదు. ఇంకొకటి దొరకదు.

వదినకు ఆమె పెదవులు చూపిస్తూ విడిగా చెప్పింది. పరీక్షించేటప్పుడు రోగి తెరను చూడరాదు. చూస్తే వినకపోయినా విన్నామనిపిస్తుంది. అందువల్ల గోడవైపు తిరిగి కూర్చోవాలి. బిళ్ళ తీసి ఉన్నప్పుడు వదినకు పిలుపు అందదు గనుక, మోచేయి బల్ల మీద ఆనించి ఉంచాలి. డాక్టరమ్మ బల్లను తడితే ఆ అదురు మోచేతికి తెలుస్తుంది. తెలియగానే బిళ్ళ తలకు పెట్టుకోవాలి. వదిన బుద్ధిగా తల ఊపి, గోడవైపు తిరిగి, మోచేయి ఆనించింది.

డాక్టరమ్మ బల్ల తట్టింది, వదిన బిళ్ళ పెట్టుకుంది. మొదటి మీటకు ఆమె భుజాలు ఉలిక్కిపడ్డాయి. ఏదో చిటుక్కుమన్నదనీ, శబ్దం కాదు, సూదిపోటులా ఉన్నదనీ చెప్పింది. బిళ్ళ అంచు మీద తేమ చేరిందేమోనని డాక్టరమ్మ అనుమానపడింది. బిళ్ళ తీయించి, మెత్తని గుడ్డతో తుడిచి తిరిగి వదిన చేతికిచ్చి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి తెర ముందు కూర్చుంది. వదిన బిళ్ళను వేళ్ళ మధ్య పట్టుకుని గోడను చూస్తూ ఎదురుచూస్తున్నది.

డాక్టరమ్మ బలాన్ని కొద్దిగా పెంచడానికి పై బాణపు మీట నొక్కింది. తెర మీద నిలువు గీత కదలలేదు.

"ఇది తీసుకోవట్లేదు," అన్నది.

మరిది అప్పటికే బల్ల కిందికి దూరి ఉన్నాడు. పెట్టె వైరును కంప్యూటరు ముందు భాగంలోని వదులు రంధ్రంలో తగిలించి ఉంచడం అతనికి నచ్చలేదు. మధ్యలో ఊడకుండా దాన్ని బల్ల కోడుకు కట్టేస్తున్నాడు. తలెత్తకుండానే, తన దుకాణంలో రోజూ ప్రతి ఒక్కరికీ చెప్పే మాట చెప్పాడు.

"కదలకపోతే మళ్ళీ నొక్కండి డాక్టరమ్మా. పాతది కదా, మెల్లిగా అందుకుంటుంది."

డాక్టరమ్మ మళ్ళీ నొక్కింది. ఆగి చూసింది. మళ్ళీ నొక్కింది. మీటకు ఏదో అడ్డుపడిందేమోనని వేలితో నిమిరి, వరుసగా నొక్కసాగింది.

బల్ల కింద చీకటిగా ఉంది. వైరు బిగిస్తున్న మరిది కళ్ళకు ఎదురుగా, బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతున్న పెట్టె. దాని పచ్చదీపం మిణుకుమంది. పైన మీట టక్కుమన్నది. దీపం మిణుకుమంది. టక్. మిణుకు. టక్, టక్. మిణుకు, మిణుకు.

అతనికి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. లోపలి కంప్యూటరు మీటలను చక్కగా అందుకుంటున్నది. అందుకున్న ప్రతిదాన్నీ చెవి యంత్రానికి చేరవేస్తున్నది. ఆగిపోయినది బొమ్మ ఒక్కటే. పైన డాక్టరమ్మ చూస్తున్నది ఎప్పుడో గీసిపెట్టిన పటం. తాను తొందరలో ఎంచుకున్న ఆ అమరికే దాన్ని అలా గడ్డకట్టించింది. మళ్ళీ నొక్కండని చెప్పినదీ తానే. వదిన చేతిలోని బిళ్ళ వెనుక ఇప్పుడు ఎంత బలం పోగుపడి ఉన్నదో గదిలో ఎవరికీ తెలియదు.

ఒక్క ఉదుటున పైకి లేచాడు. లేస్తూ ఉండగా అతని తల బల్లకు అడుగు నుంచి ధడాలున తగిలింది.

బల్ల అదిరింది. ఆ అదురు వదిన మోచేతికి చేరింది.

ఆమె తనకు చెప్పినట్టే చేసింది. బిళ్ళ పట్టుకున్న చెయ్యి పైకెత్తి, మరో చేత్తో చెవి పైనున్న వెంట్రుకలు పక్కకు తొలగించుకుంది.

"వదినా, వద్దు," అని అరిచాడు మరిది. గొంతు చీరుకుపోయేటట్టు అరిచాడు. అది ఎంత వ్యర్థమో అరిచాక గాని తోచలేదు. చిన్నప్పటి నుంచీ ఏ కష్టం వచ్చినా ఆ పేరే పెట్టి పిలిచాడు, ప్రతిసారీ పలికింది. ఇప్పుడు ఆమె మెడ కూడా తిప్పలేదు. మధ్యలో బల్ల ఉంది. డాక్టరమ్మ ఏమీ అర్థం కాక అతని నెత్తిని చూస్తున్నది. వైరు అతని చేతిలోనే ఉంది. లాగితే బలం ఆగుతుంది. లాగితే యంత్రం చచ్చిపోతుంది. అతని వేళ్ళు వైరు మీద బిగుసుకున్నాయి గాని కదలలేదు.

"అన్నయ్యా, లైటు."

వాళ్ళ ఇంట్లో బిళ్ళ తీసి ఉన్న వదినను పిలవాలంటే గదిలో దీపం ఆర్పి వెలిగిస్తారు. అందరూ చేసేదే; అన్న ఒక్కడు మాత్రం, తన భార్యను లైటు వేసి పిలిచే ఖర్మ తనకు లేదని, ఎన్నడూ చేసి ఎరుగడు. ఆనాడు అతని భుజం పక్కనే మీటల పలక ఉంది. ఎందుకని అడగలేదు. అరచేత్తో మొత్తంగా కొట్టాడు.

గది చీకటైంది. వెలిగింది.

వదిన చెయ్యి ఆగింది. బిళ్ళకూ తలకూ మధ్య ఒక వేలి మందం ఖాళీ ఉంది. అయస్కాంతం లాగుతూ ఉంటే బిళ్ళ అంచు ఆమె వేళ్ళలో వణుకుతున్నది. మెల్లిగా చెయ్యి దించి, వెనక్కి తిరిగింది.

మరిది మౌస్ పట్టుకుని, లోపలి కంప్యూటరు కిటికీ అంచును లాగి వదిలాడు. అలా లాగితే బొమ్మను మళ్ళీ గీయక తప్పదు. తెర ఒక్కసారి మెరిసింది. మూలనున్న చిన్న గడియారం దిగ్గున లేచి ముందుకు దూకింది. గీత అడుగున ఉన్నదల్లా తెర పైఅంచుకు ఎగబాకి, ఎర్రగా నిలబడింది.

డాక్టరమ్మ కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒడిలో పెట్టుకుంది. అంత బలం ఒక్కసారిగా తగిలితే నొప్పి సంగతి అటుంచి, నరం మిగిలేది కాదని ఎవరికీ వినపడనంత మెల్లిగా చెప్పింది. అన్నకు వినపడింది.

"ఇక చాలు," అన్నాడు అతను. కోపం లేని గొంతుతో అన్నాడు, అందుకే భయం వేసింది. "మూటకట్టు. దానికి వినపడకపోయినా నాకు భార్య ఉంటే చాలు."

వదిన అందరి మొహాలూ చూసింది. అన్న తల పక్కకు తిప్పి మాట్లాడాడు గనుక ఆ పెదవులు ఆమెకు అందలేదు. చెవి యంత్రం వైరు లాగకుండా లేచి, బల్ల మీదుగా వంగి మరిది గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఏం జరిగింది? నా మొహం చూసి చెప్పు."

మరిది చెప్పాడు. ఏదీ దాచలేదు. తొందరపడి అమరిక మార్చడం, బొమ్మ ఆగిపోవడం, మళ్ళీ నొక్కమని తానే చెప్పడం, బల్లకు తల తగిలించడం. పెదవులు వణికిపోతున్నందువల్ల కొన్ని మాటలు రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. చివర్లో, ఈ పని తనవల్ల కాదనీ, అన్న చెప్పినట్టు ఆపేద్దామనీ అన్నాడు.

ఆమె గడ్డం వదల్లేదు.

"ఆపేస్తే రేపు నాకు వినపడుతుందా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"మరి కూర్చో. ఈసారి ఎవరూ తొందరపెట్టరు." భర్త వైపు తిరిగి, "మీరు కూడా. గుమ్మంలో నిలబడి ఊపిరి విడవడం మానేసి లోపలికొచ్చి కూర్చోండి. మీ ఊపిరి నాకు వినపడదు గాని పాపం వాడికి వినపడుతోంది," అన్నది.

అన్న వచ్చి కూర్చున్నాడు. భార్య ఎదురుగా, ఆమెకు తన మొహం కనబడేటట్టు.

డాక్టరమ్మ కింది బాణం నొక్కుతూ గీతను అడుగుకు దించింది. మరిది వర్చువల్ మెషిన్‌ను ఆపి, ఆ అమరిక మార్చి, మళ్ళీ మొదలుపెడదామన్నాడు. ఆపితే పెట్టెతో సంబంధం తెగుతుంది, యంత్రం పోతుంది అని డాక్టరమ్మ గుర్తుచేసింది. కాబట్టి ఉన్నదానితోనే నెట్టుకురావాలి. ప్రతి మీటకూ కిటికీ అంచు లాగి బొమ్మను కొత్తగా గీయించాలి. డాక్టరమ్మ తెరను చూడాలి, మరిది పెట్టె మీది దీపాన్ని చూడాలి. రెండూ కలిస్తేనే నమ్మాలి. శబ్దం వినిపించిన ప్రతిసారీ వదిన వేలు ఎత్తాలి.

అన్నీ సిద్ధమయ్యాయి. తెర మీద గీత అడుగున ఉంది. అయినా మరిది నోరు విప్పాడు. వదినకు ఎదురుగా వెళ్ళి నిలబడి చెప్పాడు.

"వదినా, తెర ఇప్పుడు నిజమే చెప్తోందని నేను హామీ ఇవ్వలేను. లోపల ఏముందో పెట్టుకున్నాక నీకొక్కదానికే తెలుస్తుంది."

"తెలిశాక నేనే చెప్తాలే," అని ఆమె బిళ్ళను తలకు పెట్టుకుంది.

చిన్న చప్పుడుతో అది అతుక్కుంది. అన్న కుర్చీ చేతులు బిగించి పట్టుకున్నాడు. వదిన మొహంలో మార్పు లేదు. నొప్పి లేదు. డాక్టరమ్మ నిండుగా ఊపిరి తీసుకుని, మొదటి మీట నొక్కడానికి ముందు చేతులు తుడుచుకోవడం కోసం రుమాలు అందుకుంది.

వదిన వేలు ఎత్తింది.

డాక్టరమ్మ చేతిలో రుమాలు అలాగే ఉండిపోయింది. ఆమె మీట నొక్కలేదు. ఎవరూ నొక్కలేదు. మరిది పెట్టెను చూశాడు. పచ్చదీపం మిణుకుమంది. కిటికీ అంచు లాగాడు. గీత అడుగు నుంచి ఒక మెట్టు పైకి లేచి ఉంది. ఇందాక వరుసగా నొక్కిన మీటలన్నీ అందలేదు, బల్ల కింద మరిది చూసింది వాటిలో కొన్నిటినే. కొన్ని లోపల ఎక్కడో వరుసకట్టి నిలిచిపోయాయి. ఇప్పుడు ఒక్కొక్కటే బయలుదేరి వస్తున్నాయి. ఎన్ని మిగిలాయో చెప్పగలవారు లేరు. వాటిని ఆపే మీట లేదు; కింది బాణం నొక్కినా అదెప్పుడు అందుతుందో తెలియదు. ఉన్నది వైరు ఒక్కటే.

దీపం మళ్ళీ మిణుకుమంది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. మరిది వైరు పట్టుకున్నాడు.

"తియ్యకు," అన్నది వదిన. ఈసారి గది అదరలేదు. పక్క మనిషికి మాత్రమే వినిపించేటంత మెల్లిగా, అదుపులో పలికింది. తన గొంతు తనకు వినిపించే మనిషి పలికినట్టు పలికింది.

దీపం మిణుకుమంటూనే ఉంది. గీత పైకి పాకుతూనే ఉంది.

ఆ గదిలో ఆ ఘడియలో చదువు ఉన్నవారూ, నైపుణ్యం ఉన్నవారూ, అధికారం ఉన్నవారూ ఉన్నారు. ముగ్గురూ చేతులు కట్టేసినట్టు నిలిచిపోయారు. బిళ్ళ లాగేసుకోవడానికి సర్వ హక్కులూ ఉండి కూడా లాగేసుకోకుండా, ఎత్తిన వేలు దించకుండా, పెరుగుతున్న శబ్దాన్ని ఎదురుగా కూర్చుని కొలుస్తూ, ఎంతవరకు ఓర్చుకోవాలో తానే నిర్ణయించడానికి పూనుకున్నది ఒక్క వదినే. ఆ పని ఆమెదేనని, మరెవ్వరిదీ కాదని, ఇక్కడ సగౌరవంగా నమోదు చేయడమైనది.